వంపు బ్లేడ్ వీడియో లారింగోస్కోప్: తెర మీద కనబడినంత మాత్రాన ట్యూబ్ దిగదు

మత్తులో ఉన్న రోగికి శ్వాస ట్యూబ్ వేయడానికి (ఇంట్యుబేషన్‌కు) కెమెరా ఉన్న లారింగోస్కోప్ నోట్లో పెడతాం. తెర నిండా స్వరపేటిక కనబడుతుంది. పైన ఎపిగ్లాటిస్ (స్వరపేటిక మీది మూత) అంచు, దాని కింద రెండు తెల్లటి స్వరతంత్రులు, వాటి నడుమ నల్లటి త్రికోణం. పాఠ్యపుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ట్యూబ్ కొన కూడా అక్కడే ఉంటుంది, ఆ త్రికోణానికి అర సెంటీమీటరు కింద, ఎరిటినాయిడ్ల (స్వరతంత్రుల వెనక ఉండే చిన్న మృదులాస్థుల) మీద తచ్చాడుతూ. ఎంత నెట్టినా లోపలికి మాత్రం దిగదు. ఇంతలో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బీప్ స్వరం తగ్గడం మొదలవుతుంది. వంపు బ్లేడ్ వీడియో లారింగోస్కోప్ కొనేవాళ్ళు, వాడేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఈ పరికరం చూపు కష్టాన్ని తీరుస్తుంది. ట్యూబ్ కష్టాన్ని మాత్రం మన కుడిచేతికే వదిలేస్తుంది. ఆ కుడిచేతి పని నేర్చుకున్నవాళ్ళకు ఇంతకన్నా మంచి తోడు లేదు. నేర్చుకోకుండా అత్యవసరంలో చేతిలోకి తీసుకుంటే ఇదే చేటు చేస్తుంది.

1943లో రాబర్ట్ మాకింటోష్ కాస్త మాత్రమే వంగిన తన బ్లేడ్ గురించి రాసినప్పటి నుంచి పద్ధతి ఒకటే. బ్లేడ్ కొనను వాలెక్యులాలో, అంటే నాలుక మొదలుకీ ఎపిగ్లాటిస్‌కీ మధ్యనున్న గుంటలో ఆనించి, హ్యాండిల్ చూపే దిక్కుకే ఎత్తాలి. నాలుకను ఎడమకు తప్పించి, మన కంటి నుంచి స్వరతంత్రుల దాకా ఒక తిన్నని గీత సంపాదించాలి. ఆ గీత దొరికితే ట్యూబ్ కూడా ఆ దారినే పోతుంది. అక్కడ చూపూ దారీ ఒకటే. గ్లైడ్‌స్కోప్ 2001లో వచ్చి ఈ లెక్కను మార్చేసింది. సుమారు 60 డిగ్రీలు వంచిన బ్లేడ్ కొన దగ్గర చిన్న కెమెరా, దీపం పెట్టారు. కంటికి తిన్నని గీత అక్కరలేదు, కెమెరా మూల తిరిగి చూస్తుంది. సి-మ్యాక్ డి-బ్లేడ్, మెక్‌గ్రాత్ ఎక్స్-బ్లేడ్ కూడా ఈ కోవలోవే. కానీ చూపు మూల తిరిగినంత సులువుగా ప్లాస్టిక్ ట్యూబ్ తిరగదు. సమస్యంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఒక పొరపాటు ఇక్కడే సరిదిద్దుకోవాలి. వీడియో లారింగోస్కోప్ అనే పేరు కింద మూడు వేరు వేరు పరికరాలు అమ్ముతారు. మొదటిది మాకింటోష్ ఆకారపు బ్లేడ్‌కే కెమెరా తగిలించినది. దానితో తెర చూస్తూనూ వేయొచ్చు, తెర ఆరిపోతే నోట్లోకి నేరుగా చూస్తూనూ వేయొచ్చు. రెండోది మనం మాట్లాడుకుంటున్న హైపర్ యాంగులేటెడ్ రకం, వంపు బ్లేడ్. దీనితో నేరుగా చూసే వీలు లేనట్టే. మూడోది ఎయిర్‌ట్రాక్‌లాగా ట్యూబ్‌కు పక్కనే కాలువ ఉన్నది. దాంట్లో స్టైలెట్ (ట్యూబ్ వంపు నిలిపేందుకు లోపల పెట్టే కడ్డీ) అక్కరలేదు కానీ బ్లేడ్ లావు, ట్యూబ్‌ను తిప్పాలంటే మొత్తం పరికరాన్నే కదపాలి. ఈ మూడింటికీ చేతిపని వేరు. ఒకదాని మీద వచ్చిన అలవాటు ఇంకోదానికి పనికి రాదు.

ఫలితాల సంగతి. 2022లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 222 అధ్యయనాలను, 26,149 మందిని లెక్కలోకి తీసుకుంది. ఈ మూడు రకాలతోనూ ఇంట్యుబేషన్ విఫలమవడం మామూలు లారింగోస్కోప్‌తో కంటే తగ్గింది. వంపు బ్లేడ్‌తో ట్యూబ్ పొరపాటున అన్నవాహికలోకి పోవడం కూడా తగ్గింది. 2011లో వెలువడిన మరో విశ్లేషణ రెండు కేంద్రాల్లో గ్లైడ్‌స్కోప్‌తో చేసిన 2004 ఇంట్యుబేషన్లను పరిశీలించింది. వాటిలో 97 శాతం సఫలమయ్యాయి. మామూలు స్కోప్‌తో కుదరక దీన్ని అందుకున్న సందర్భాల్లో 94 శాతం. అంటే ఇది పనిచేసే పరికరమే, అనుమానం లేదు. మిగిలిన ఆ కొద్ది శాతంలో ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. అదే అధ్యయనం ఒక జవాబు ఇచ్చింది: మెడ మీద ఆపరేషన్ మచ్చ, రేడియేషన్, గడ్డ ఉన్నవాళ్ళలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ. మెడ ముందు భాగం చెక్కలా గట్టిపడితే బ్లేడ్ ఎత్తినా కణజాలం లేవదు, ట్యూబ్‌కు చోటు దొరకదు.

ఇక వాడకం. బ్లేడ్‌ను నోటి మధ్యలో నుంచే దించాలి. మాకింటోష్ అలవాటుతో కుడి మూల నుంచి పెట్టి నాలుకను పక్కకు తోస్తే ట్యూబ్ రావలసిన చోటు మూసుకుపోతుంది. నాలుక వంపు వెంట జారవిడిచి, అంగిలి దాటాక తెర చూడాలి. ముందు చిన్ననాలుక, తరవాత ఎపిగ్లాటిస్ కనబడతాయి. ఎపిగ్లాటిస్ కనబడగానే బ్లేడ్ కొన వాలెక్యులాలో ఆగాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఇంకా లోపలికి దిగడం. స్వరతంత్రులు తెర నిండుగా, దగ్గరగా, ముద్దుగా కనబడతాయి కాబట్టి ఆ చూపు వదులుకోబుద్ధి కాదు. కానీ బ్లేడ్ అంత దగ్గరకు పోతే స్వరపేటిక మరింత పైకి వాలిపోతుంది, ట్యూబ్ ఎక్కాల్సిన మెట్టు నిటారవుతుంది, కెమెరా ముందు ట్యూబ్ కొన మెదిలే జాగా కూడా ఉండదు. అప్పుడు చేయాల్సింది బ్లేడ్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక్కి లాగి, ఎత్తడం కాస్త సడలించడం. తెరలో స్వరపేటిక పై సగంలో ఉండాలి, కింది సగం ట్యూబ్ కోసం ఖాళీగా ఉండాలి. స్వరతంత్రుల మధ్య సందు సగమే కనబడితే చాలు. వంపు బ్లేడ్‌తో పూర్తి చూపు కన్నా సగం చూపులో ట్యూబ్ తొందరగా, తేలిగ్గా పడుతుంది. ఇది మొదట వినడానికి వింతగా ఉంటుంది. ఒకసారి చేసి చూస్తే మళ్ళీ పూర్తి చూపు కోసం వెంపర్లాడరు.

స్వరపేటిక ఎంత కనబడుతుందో చెప్పే, కార్మాక్, లిహేన్ 1984లో ఇచ్చిన గ్రేడ్లు నేరుగా చూసే పద్ధతి కోసం పుట్టినవి. అక్కడ గ్రేడ్ 1 అంటే సాధారణంగా ట్యూబ్ సులువు. తెర మీద గ్రేడ్ 1 అలాంటి మాట ఏదీ ఇవ్వదు. అలాగే మల్లంపాటి 1985లో చెప్పిన నోటి పరీక్ష కూడా నేరుగా చూడడం ఎంత కష్టమో ఊహించడానికే. వంపు బ్లేడ్‌కు అంతకంటే ముఖ్యమైనవి నోరు ఎంత తెరుచుకుంటుంది, నాలుక కింద, గొంతులో చోటెంత అన్నవి. పళ్ళ మధ్య రెండు వేళ్ళు పట్టకపోతే బ్లేడ్ దూరినా దాని పక్కనుంచి ట్యూబ్ దూరదు. అలాంటి మనిషికి మెలకువలోనే ఫైబర్ ఆప్టిక్ స్కోప్‌తో వేయడం మంచిది.

స్టైలెట్ లేకుండా ఈ బ్లేడ్ వాడొద్దు. ఇది సలహా కాదు, నియమంగా పెట్టుకోవాలి. ట్యూబ్ లోపలి స్టైలెట్ వంపు, బ్లేడ్ వంపుకు సరిపోవాలి. బ్లేడ్‌తో పాటు వచ్చే గట్టి లోహపు స్టైలెట్ అన్నిటికన్నా నమ్మకమైనది, ఎందుకంటే అది మధ్యలో ఆకారం మార్చుకోదు. మామూలు వంచుకునే స్టైలెట్ వాడితే ట్యూబ్‌ను బ్లేడ్ పక్కన పెట్టి, అదే వంపుకు తెచ్చుకోవాలి. హాకీ కర్రలా కొన మాత్రమే వంచడం మాకింటోష్‌కు చాలు, దీనికి చాలదు. స్టైలెట్‌కు జెల్లీ పూయాలి. దాని కొన ట్యూబ్ కొన దాటి బయటికి పొడుచుకు రాకూడదు. పెద్దవాళ్ళలో మామూలుగా 7 నుంచి 8 నంబరు ట్యూబ్ వాడేచోట కష్టం అనుకుంటే అర నంబరు తగ్గించుకోవడంలో తప్పు లేదు.

ట్యూబ్ పెట్టేటప్పుడు కళ్ళు ఎక్కడ ఉండాలన్నది ప్రాణం మీది సంగతి. బ్లేడ్ పెట్టేటప్పుడు నోట్లోకి చూడాలి. స్వరపేటిక కోసం తెర చూడాలి. ట్యూబ్ పెట్టేటప్పుడు మళ్ళీ నోట్లోకే చూడాలి. కొన నాలుక వెనక్కి, అంగిలి దాటి కనుమరుగయ్యాకే తిరిగి తెర వైపు తిరగాలి. ఈ మూడో చూపు ఎగ్గొట్టినప్పుడే గాయాలు అవుతాయి. కెమెరా కొన దగ్గర ఉంటుంది, అది నోటి ముందు భాగాన్ని చూడదు. కళ్ళు తెరకు అతుక్కుపోయి ట్యూబ్‌ను గుడ్డిగా తోస్తే గట్టి స్టైలెట్ ఉన్న ఆ కొన కుడి టాన్సిల్ పక్కన మడతనో మెత్తని అంగిలినో చీల్చుకుని అవతలికి వస్తుంది. తెర మీద అది మామూలుగానే ప్రత్యక్షమవుతుంది, ట్యూబ్ కూడా సరిగ్గా శ్వాసనాళంలోకే పోవచ్చు. అంగిలికి బొత్తం కాజాలోంచి దారంలా ట్యూబ్ దూరి ఉందన్న సంగతి రక్తం కనబడ్డాక తెలుస్తుంది. ఇలాంటి గాయాలు వైద్య పత్రికల్లో ఎన్నోసార్లు నమోదయ్యాయి. ఒకవేళ జరిగితే కంగారుపడి ట్యూబ్ లాగేయొద్దు. శ్వాస దారి భద్రంగా ఉందని తేల్చుకుని, ఈఎన్‌టీ వాళ్ళను పిలిచి, వాళ్ళ కళ్ళ ముందే సరిచేయాలి.

నోటి కుడి మూలలో ట్యూబ్‌ను అడ్డంగా, పై కొస మనకు కుడి వైపు ఉండేలా పట్టుకుని పెట్టి, కొన నాలుక దాటాక నిలువుగా తిప్పితే బ్లేడ్ పక్కనే వంపు వెంట వస్తుంది. కొన ఎరిటినాయిడ్ల దగ్గర కింద కింద తిరుగుతుంటే ఎక్కువసార్లు కారణం బ్లేడ్ మరీ లోపల ఉండడమే. ముందు చెప్పినట్టు వెనక్కి లాగండి. కొన స్వరతంత్రుల మధ్యకు వచ్చీ ఆగిపోతే కారణం వేరు. శ్వాసనాళం అక్కడి నుంచి వీపు వైపుకి వాలుగా దిగుతుంది, వంపు స్టైలెట్ ఉన్న ట్యూబ్ మాత్రం పైకి, ఛాతీ వైపుకి పోవాలని చూస్తుంది. కొన వెళ్ళి శ్వాసనాళం ముందు గోడకు, మృదులాస్థి ఉంగరాలకు గుద్దుకుంటుంది. అక్కడ బలం ప్రయోగిస్తే స్వరపేటికకే దెబ్బ. చేయాల్సిన పని, సహాయకుడు స్టైలెట్‌ను నాలుగైదు సెంటీమీటర్లు వెనక్కి తీయడం. కొన మెత్తబడి కిందికి వాలుతుంది, అప్పుడు ట్యూబ్ మాత్రమే ముందుకు జారాలి. అయినా ఆగితే ట్యూబ్‌ను గడియారం ముల్లు తిరిగే దిక్కులో 90 డిగ్రీలు తిప్పాలి. ట్యూబ్ కొన ఏటవాలు ముఖం మామూలుగా ఎడమకు ఉంటుంది. అలా తిప్పితే అది పైకి తిరిగి, ముందు గోడ మీద జారిపోతుంది.

స్టైలెట్ తీయడంలోనూ ఒక నేర్పుంది. గట్టి స్టైలెట్‌ను నిట్టనిలువునా పైకి లాగితే ట్యూబ్ కూడా దానితో పాటే వచ్చేస్తుంది. దాని వంపు ఎటుంటే అటే, రోగి ఛాతీ వైపుకి చాపంలా తిప్పుతూ తీయాలి. ఒక చేత్తో ట్యూబ్‌ను పెదవి దగ్గర బిగించి పట్టుకోవాలి. సహాయకుడికి ఈ పని ముందే చెప్పి, ఒకసారి బల్ల మీద చేసి చూపించి ఉంచాలి. ట్యూబ్ కొన స్వరతంత్రుల మధ్య ఉన్న ఆ రెండు సెకన్లలో వివరించి చెప్పే తీరిక ఉండదు.

బూజీ (ముందుగా శ్వాసనాళంలోకి దించి, దాని మీదుగా ట్యూబ్ జార్చే సన్నని కడ్డీ) సంగతి కొంచెం వేరు. మాకింటోష్ ఆకారపు వీడియో బ్లేడ్‌కు బూజీ చక్కగా కుదురుతుంది. 60 సెంటీమీటర్ల కడ్డీ, కొన దగ్గర 35 డిగ్రీల వంపు, స్వరతంత్రులు పూర్తిగా కనబడని చోట అది దారి కనుక్కుంటుంది. వంపు బ్లేడ్‌కు మాత్రం మామూలు బూజీ చాలా మెత్తన, మూల తిరిగేలోపే నిటారుగా అయిపోతుంది. బూజీ మీదుగా ట్యూబ్ దించేటప్పుడు కుడి ఎరిటినాయిడ్‌కు తట్టుకుంటే తిప్పాల్సింది గడియారానికి ఎదురు దిక్కులో. స్టైలెట్‌తో ఒక దిక్కు, బూజీతో ఇంకో దిక్కు. ఈ రెండూ కలగాపులగం చేసుకునేవాళ్ళు చాలామంది. ఇంకోటి, బూజీ ఎక్కడో ఆగేదాకా నెట్టి చూసే పాత పరీక్ష గట్టి ప్లాస్టిక్ బూజీలతో చేయొద్దు, శ్వాసనాళం చిరిగే ప్రమాదం ఉంది.

పరికరం లోపాల్లో పెద్దది కెమెరా అద్దం మురికి కావడం. వేడి శ్వాసకు మసకబారడం చిన్న ఇబ్బందే. చాలా నమూనాల్లో అద్దాన్ని వెచ్చబెట్టే ఏర్పాటు ఉంటుంది, కానీ దానికి కొంత సమయం కావాలి. మందులు ఎక్కించే ముందే స్విచ్ వేసి ఉంచాలి, రోగి నిద్రపోయాక కాదు. రక్తం, వాంతి మాత్రం మసకలా తుడిస్తే పోయేవి కావు. ఒక్క చుక్క అద్దం మీద పడితే తెరంతా ఎర్రగా మారి ఆట కట్టు. అలాంటి గొంతులో ముందుగా లావు సక్షన్ గొట్టం వెళ్ళాలి, దాని వెనకే, గొంతు పై గోడకు ఆనుకుని బ్లేడ్ దిగాలి. ఇక్కడే వంపు బ్లేడ్ కన్నా మాకింటోష్ ఆకారపు వీడియో బ్లేడ్ నయం. తెర పోయినా కన్ను మిగులుతుంది.

దీని గొప్ప లాభాల్లో ఒకదాన్ని అమ్మేవాళ్ళు కూడా పెద్దగా చెప్పరు. గదిలో అందరూ ఒకే బొమ్మ చూస్తారు. మెడ మీద క్రైకాయిడ్ (స్వరపేటిక కింది మృదులాస్థి ఉంగరం) నొక్కుతున్న వ్యక్తికి తన వేలు స్వరపేటికను ఎటు తోస్తోందో తెర మీదే తెలుస్తుంది, ఎక్కువైతే తనే తగ్గిస్తాడు. నేర్పేవాళ్ళు నోటితో చెప్పి ఊరుకోకుండా వేలు పెట్టి చూపించగలరు. ట్యూబ్ స్వరతంత్రుల మధ్య నుంచి పోయిందో లేదో ఒక్కరి మాట మీద ఆధారపడనక్కరలేదు. బ్లేడ్ ఎత్తడానికి బలం కూడా తక్కువే కాబట్టి పై పళ్ళ మీద భారం తగ్గుతుంది.

అయితే ఆ అందమైన బొమ్మే ఒక ఉచ్చు. కనబడుతోంది కదా, ఇంకొక్క ప్రయత్నం, ఇంకొక్కటి అంటూ నిమిషాలు జారిపోతాయి. కనబడకపోతే మనిషి తొందరగా ఆగుతాడు, కనబడితే ఆగడు. అందుకే మొదలుపెట్టే ముందు ఆక్సిజన్ నిల్వ సరిగ్గా చేసుకోవాలి. తల భాగం 20 నుంచి 30 డిగ్రీలు ఎత్తి, మాస్క్ గట్టిగా అమర్చి మూడు నిమిషాలు, లేదా వదిలే గాలిలో ఆక్సిజన్ 85 నుంచి 90 శాతం దాటేదాకా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు ఇది సుమారు ఎనిమిది నిమిషాల గడువు ఇస్తుంది. బాగా లావుగా ఉన్నవాళ్ళకు మూడు నిమిషాలు దొరికితే ఎక్కువ. సహాయకుల్లో ఒకరు గడియారం చూస్తూ పైకి చెప్పాలి. సాచురేషన్ 92 దగ్గరికి వస్తే స్కోప్ తీసి మాస్క్ పెట్టాలి, బొమ్మ ఎంత బాగున్నా సరే. 2015 నాటి డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ మార్గదర్శకాల ప్రకారం మూడు ప్రయత్నాలు, ఆపైన తనకంటే అనుభవం ఉన్నవారు వస్తే వారికి ఒకటి. ప్రతిసారీ ఏదో ఒకటి మారాలి: తల అమరిక, బ్లేడ్, స్టైలెట్ వంపు, చేసే మనిషి. అదే పని అలాగే మళ్ళీ చేస్తే వాచేది స్వరపేటికే. వాచాక మాస్క్‌తో కూడా గాలి పోకపోతే మిగిలేది మెడ మీద కోత పెట్టి శ్వాసనాళంలోకి దారి చేయడమే. దానికి కావాల్సినవి 10 నంబరు స్కాల్పెల్ (సర్జరీ కత్తి) బ్లేడ్, బూజీ, 6 నంబరు కఫ్ (చివర గాలి బుడగ ఉన్న) ట్యూబ్, కాబట్టి ఆ మూడూ ట్రాలీ మీద కనబడేలా ఉండాలి.

ట్యూబ్ పోవడం తెర మీద చూసినా క్యాప్నోగ్రాఫ్ (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే యంత్రం) చూడకుండా నమ్మొద్దు. కార్బన్ డయాక్సైడ్ అల కనీసం ఏడు శ్వాసల పాటు లేచి పడుతూ, ఎత్తు మొదలు గీత కన్నా 7.5 మిల్లీమీటర్ల మెర్క్యురీ పైన నిలవాలి. అల లేకపోతే ట్యూబ్ తప్పు చోట ఉన్నట్టే లెక్క. స్వరతంత్రులను దాటి కఫ్ కాస్త లోపలికి పోగానే ఆపాలి, పళ్ళ దగ్గర ఆడవాళ్ళకు 21, మగవాళ్ళకు 23 సెంటీమీటర్లు సుమారు గుర్తు. తెర చూస్తూ ఉత్సాహంలో తోసేస్తే కుడి ఊపిరితిత్తిలోకి దిగుతుంది. కఫ్ ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మధ్య, వేలితో నొక్కి అంచనా వేయడం కాదు, మానోమీటరుతో.

కొనే ముందు చూడాల్సింది ఒకే తెరకు మాకింటోష్ ఆకారపు బ్లేడ్, వంపు బ్లేడ్ రెండూ తగులుతాయా అన్నది. ఒక్క వంపు బ్లేడే ఉన్న నమూనా ఎంత నాణ్యమైనదైనా మా ఓటు దానికి పడదు. రోజువారీ కేసులకు మాకింటోష్ ఆకారపుది, మెడ కదలనిచోట, స్వరపేటిక బాగా ముందుకు ఉన్నచోట వంపుది. గట్టి స్టైలెట్లు రెండైనా ఉండాలి, ఒకటి శుభ్రానికి పోతే రెండోది చేతిలో ఉండేలా. హ్యాండిల్ పొట్టిగా ఉంటే లావుపాటి ఛాతీకి తగలదు. బ్యాటరీ ఎంత మిగిలిందో తెర మీద స్పష్టంగా చూపాలి. తీగలున్న నమూనాల్లో తరచూ పాడయ్యేది తీగ కలిసే చోటే. శుభ్రం చేసేటప్పుడు ఆ పిన్నుల్లో తడి మిగలకుండా ఆరబెట్టాలి. ఇక దీనితో చేయి తిరగాల్సింది సులువైన రోగుల మీదే. వారానికి ఒక్క మామూలు కేసైనా వంపు బ్లేడ్‌తో వేస్తేనే అవసరం పడ్డరోజు అది చేతికి లొంగుతుంది.

కేస్ షీటులో రాసే తీరు కూడా మారాలి. వంపు బ్లేడ్‌తో వేసి ఊరికే గ్రేడ్ 1 అని రాస్తే, తరవాతి సారి మామూలు లారింగోస్కోప్ మాత్రమే ఉన్న చోట ఆ మనిషికి మత్తు ఇచ్చే డాక్టరు మోసపోతారు. వీడియో చూపు ఏ బ్లేడ్‌తో, ఏ నంబరుతో వచ్చింది, ట్యూబ్ ఎన్ని ప్రయత్నాల్లో దిగింది, స్టైలెట్ ఎలాంటిది, మాస్క్‌తో గాలి సులువుగా పోయిందా, నేరుగా చూసి ఉంటే ఆ గ్రేడ్ ఎంత, చూడకపోతే చూడలేదని. ఇవన్నీ రాయడానికి నాలుగు పంక్తులు చాలు, అందులో ఒక కాపీ రోగి చేతికే ఇవ్వాలి.